వ్యాపార విషయాలు: నకళ్ల పొదుపు

ఈ శీర్షికలో ఇంతవరకూ పన్నుల సంగతి, అప్పుల సంగతి, అన్నదమ్ముల వాటాల సంగతి ముచ్చటించుకున్నాము. ఈ నెల యంత్రాల సంగతి. "అదంతా కుర్రవాళ్ల పని, మనకెందుకు?" అని పెద్దలు పుట త్రిప్పివేయవద్దని మనవి. పని కుర్రవాళ్లదే. పోతే పోయేది మాత్రం పెద్దల కష్టార్జితం.

మన తాతల కాలంలో దుకాణంలో చిట్టా ఒకటి, ఆవర్జా ఒకటి ఉండేవి. ఏ రోజు జమాఖర్చు ఆ రోజు చిట్టాలో పడేది. అందులోనుంచి పేరు పేరునా ఆవర్జాకు ఎక్కేది. ఆవర్జాకు చెదలు పట్టినా చిట్టా ఉన్నదిగదా అని ధైర్యం. నేడు చిట్టా, ఆవర్జా, బిల్లులు, జీతాల పట్టీలు, సరుకు నిల్వలు, డిజైనులు అన్నీ ఆఫీసు మూలనున్న సర్వరు అనే ఒక్క పెట్టెలో చేరినవి. ఆ పెట్టెలోని సమస్తానికీ రాత్రిపూట నకలు తీసి వేరే డిస్కులో దాచడాన్నే బ్యాకప్ అంటారు. రోజుకొక నకలు చొప్పున దాచుకుంటూ పోతే ఎంత పెద్ద డిస్కయినా త్వరలోనే నిండుతుంది. అందుచేత నకళ్లలో మళ్లీ మళ్లీ వచ్చే భాగాన్ని ఒక్కసారే దాచి, చోటు ఆదా చేసే ఉపాయం ఒకటి వచ్చింది. దాని పేరు డీడూప్లికేషన్. పేరు నోరు తిరగదుగాని పని మనకు కొత్త కాదు. ఆ మాట తరువాత చెబుతాము. ముందు ఒక ఇంటి సంగతి.

సోలాపూరులో మాకు ఆప్తులైన కుటుంబం ఒకటి ఉన్నది. మూడు తరాల క్రిందట తెలంగాణ నుంచి నేతపని చేతబట్టుకొని వెళ్లినవారు. నేడు తువ్వాళ్ల కార్ఖానా నడుపుతున్నారు. ఇంట్లో తెలుగు, బజారులో మరాఠీ. పెద్దాయనకు డెబ్బయి దాటినా పొద్దున్నే సాంచాల చప్పుడు వినపడకపోతే చాయ దిగదు. లెక్కలూ కంప్యూటర్లూ చిన్నకొడుకు చూసుకుంటాడు.

2023 జూలైలో ఒక రాత్రి ఉరుముల వానకు కరెంటు పోయింది, వచ్చింది, మళ్లీ పోయింది. తెల్లవారి సర్వరు లేవలేదు. లోపలి బోర్డు కాలింది. అసలు లెక్కలున్న డిస్కులూ దానితోబాటే పోయినవి. అది 18వ తేదీ. 20వ తేదీలోగా జి.ఎస్.టి. రిటర్ను వేయాలి. ఆలస్యమైతే రుసుము, వడ్డీ కట్టుకోవచ్చు. అది పెద్ద బాధ కాదు. బొంబాయి, సూరతు వర్తకులలో ఎవరెవరు ఎంతెంత బాకీ ఉన్నారో చెప్పే కాగితం ఒక్కటి కూడా ఆ పెట్టెకు బయట లేదు. అదీ అసలు బాధ.

అబ్బాయి మాత్రం ధైర్యంగానే ఉన్నాడు. ప్రతి రాత్రీ నకలు తీసి, డీడూప్లికేషన్ పెట్టిన మరొక డిస్కులో దాచే ఏర్పాటు తానే చేశాడు. ఆ డిస్కు అదృష్టవశాత్తూ కాలలేదు. దానిని ఊడదీసి, ఒక చిన్న డబ్బాలో పెట్టి, ఇంట్లోని మామూలు కంప్యూటరుకు తగిలించాడు. ఇరవయ్యారు రాత్రుల తేదీలతో ఇరవయ్యారు ఫోల్డర్లు కళ్లకు కట్టినట్టు కనిపించాయి. ఒకటి తెరిచి లెక్కల ఫైలు నొక్కాడు. తెరుచుకోలేదు. ఇంకొకటి నొక్కాడు. అదీ అంతే.

"బాపూ, పేర్లన్నీ ఉన్నయి. ఒక్కటి గూడ తెరుసుకుంటలేదు."

"పేరు ఉంటే సరుకు ఉండాలె గద రా. ఏడికి పోతది?"

సాయానికి వచ్చిన ఒక స్నేహితుడు డిస్కంతా వెదికి ఒక విచిత్రం కనిపెట్టాడు. పైకి కనిపించే ఫైళ్లు డిస్కు మీద దాదాపు చోటే తీసుకోవడం లేదు. బరువంతా సిస్టమ్ వాల్యూమ్ ఇన్ఫర్మేషన్ అనే ఒక దాగిన ఫోల్డరులో ఉన్నది. "ఇదంతా చెత్తలెక్క ఉన్నది. ఇది తుడిచేస్తే ఫైళ్లు తెరుసుకుంటయేమో" అన్నాడు. వేలు మీట మీదికి పోయింది.

"ఆగు బిడ్డా," అన్నాడు పెద్దాయన. "ఏందో తెల్వని మూట పారెయ్యొద్దు. ముందుగాల అదేందో ఎవరినన్న అడుగుండ్రి."

ఆ మూటలో ఏమున్నదో చెప్పాలంటే మనం సాంచా దగ్గరకు వెళ్లాలి. నేతపని ఎరిగిన కుటుంబాలకు జకార్డు సంగతి చెప్పనక్కరలేదు. తక్కినవారికోసం రెండు మాటలు. తువ్వాలు అంచున పువ్వు రావాలంటే ముందు దానిని గళ్ల కాగితం మీద వేస్తారు. గళ్లను బట్టి అట్టలకు చిల్లులు కొడతారు. అట్టలను వరుసగా కుట్టి దండ చేసి సాంచా పైకి ఎక్కిస్తారు. ఇక వెయ్యి తువ్వాళ్లు నేసినా, పదివేలు నేసినా అట్టల దండ ఒక్కటే. ప్రతి తువ్వాలుకూ కొత్తగా అట్టలు కొట్టేవాడిని ఎవరూ పనిలో పెట్టుకోరు. ఎలక్ట్రానిక్ జకార్డులు వచ్చిన చోట అట్టలు పోయినవిగాని లెక్క మారలేదు.

డీడూప్లికేషన్ చేసేది అదే. ఫైలును ముక్కలుగా కోస్తుంది. ప్రతి ముక్కకూ మన వేలిముద్రవంటి గుర్తు ఒకటి లెక్కగట్టి తీస్తుంది. ఆ గుర్తుగల ముక్క ఇదివరకే కొట్టులో ఉంటే మళ్లీ దాచదు. "ఈ చోట ఫలానా ముక్క" అని చీటీ వ్రాసి ఊరుకుంటుంది. లేకుంటేనే కొత్త ముక్కను కొట్టులో పెడుతుంది. పైకి ఫైలుగా కనిపించేది ఆ చీటీ. సరుకంతా ఉండేది ఆ దాగిన కొట్టులో. సోలాపూరు స్నేహితుడు చెత్త అనుకున్నది ఇరవయ్యారు రాత్రుల అట్టల దండ.

దీనివల్ల ఎంత ఆదా అంటారా? లెక్క వేసి చూద్దాము. సర్వరులో 400 గిగాబైట్ల సరుకు ఉన్నదనుకోండి. ముప్ఫై రాత్రులు పూర్తి నకలు తీస్తే 12,000 గిగాబైట్లు, అనగా 12 టెరాబైట్లు. కాని రోజుకు నిజంగా మారేది 4 గిగాబైట్లే అయితే, మొదటి రాత్రి 400, తక్కిన ఇరవై తొమ్మిది రాత్రులకు 116, మొత్తం 516 గిగాబైట్లు. ఇరవై మూడింతల ఆదా! అమ్మేవారి కరపత్రాలలో "ఇరవైకి ఒకటి" అని కనిపించేది ఇటువంటి లెక్కే. అబద్ధమని అనలేము. అయితే రోజూ పూర్తి నకలు తీసే ఇల్లు ఎక్కడున్నది? వారానికొకసారి పూర్తిగా, తక్కిన రోజులు మారినంత మేరకే తీసేవారు చాలామంది. వారికి నెలలో అయిదు పూర్తి నకళ్లకు 2,000, మిగిలిన ఇరవై అయిదు రాత్రులకు 100, వెరసి 2,100 గిగాబైట్లు అయ్యేది 516కు దిగుతుంది. ఆదా నాలుగింతలు. ఇదీ తక్కువేమీ కాదుగాని, ఇరవై అనుకొని చిన్న డిస్కు కొన్నవాడు మూడో నెలలో మళ్లీ అంగడికి పరుగెత్తవలసివస్తుంది.

ముక్కలు కోయడంలో ఒక మెళకువ ఉన్నది, మాకు చాలా ముచ్చట గొలిపినది. ఒక పుస్తకాన్ని ముప్ఫై పంక్తులకొకచోట కోశారనుకోండి. తరువాత మొదటి పుటలో ఒక్క వాక్యం చేరిస్తే ప్రతి కోతా జరిగిపోతుంది. పాత ముక్క ఒక్కటీ కొత్తదానితో కలవదు. అదే, అధ్యాయం ముగిసిన చోటనే కోయాలని నియమం పెట్టుకుంటే, మొదటి అధ్యాయం ఒక్కటే మారుతుంది, తక్కినవన్నీ పాతవే. ఫైలులో అధ్యాయాలు ఉండవు గనుక, లోపలి అక్షరాల లెక్క ఒక ప్రత్యేకమైన అంకె చూపిన చోట కోస్తారు. ఆ అంకె కట్టే విధానం మైకేల్ రాబిన్ అనే గణితజ్ఞుడు 1981లో చెప్పినది. 2001లో అమెరికా పరిశోధకులు దానిని వాడి, సన్నని తంతి మీద ఫైళ్లు పంపే పద్ధతి ఒకటి కట్టారు. వారి ముక్క సగటున 8 కిలోబైట్లు. మరుసటి సంవత్సరం బెల్ ప్రయోగశాలవారు వెంటీ అనే కొట్టును కట్టారు. అందులో ముక్కకు వేలిముద్రే చిరునామా, ఒకసారి చేరిన ముక్కను తుడవడమన్నది లేదు. 2001లోనే పుట్టిన డేటా డొమైన్ అనే సంస్థ ఈ విద్యను బ్యాకప్ పెట్టెలలోకి దించింది. 2009లో దానికోసం రెండు పెద్ద కంపెనీలు పోటీపడగా, ఈ.ఎం.సి. రెండువందల కోట్ల డాలర్లకు పైగా పెట్టి దక్కించుకున్నది. వేలిముద్రలే అంత ధర పలికినవి!

చిన్న ఆఫీసులవారు అంత ఖరీదుగల పెట్టెలు కొననవసరం లేదు. 2012 నుంచి విండోస్ సర్వరులోనే ఈ సదుపాయం ఉన్నది. సోలాపూరు అబ్బాయి పెట్టుకున్నదీ అదే. కనుక దాని ఏర్పాటు గురించే చెబుతాము.

మొదటి మాట, నకళ్లకు వేరే యంత్రం ఉంటే మేలు. అసలు సరుకు, నకలు ఒకే పెట్టెలో ఉంటే ఒకే పిడుగుకు రెండూ పోతాయి. యంత్రాన్ని నడిపే సి డిస్కు మీద డీడూప్లికేషన్ పెట్టనివ్వరు. నకళ్లకోసం వేరే డిస్కు కావాలి. పెద్ద పెద్ద ఫైళ్లు పెట్టబోతున్నాము గనుక దానిని ఫార్మాటు చేసేటప్పుడు 64 కిలోబైట్ల యూనిట్టు, పెద్ద ఫైలు రికార్డులు అనే ఎంపికలు తీసుకోవాలి. ఇది మొదట చేయకపోతే తరువాత చేయడానికి డిస్కంతా ఖాళీ చేయవలసిందే. ఒక డిస్కుతో సరిపెట్టుకోక, రెండు పోయినా నిలిచే రెయిడ్ 6 వంటి కూర్పు పెట్టుకోగలిగితే సరే. యు.పి.ఎస్. సంగతి మళ్లీ చెప్పాలా?

సర్వరు మేనేజరులో ఫైలు సేవల క్రింద డేటా డీడూప్లికేషన్‌ను చేర్చిన తరువాత, దానితోబాటే డీడీపీ ఎవాల్ అనే చిన్న సాధనం వస్తుంది. మీ ఫోల్డరు చూపిస్తే ఎంత ఆదా అవుతుందో అంచనా చెబుతుంది. అమ్మేవాని మాటకంటె దాని మాట వినండి. మామూలు పత్రాలకు నూటికి 30 నుంచి 50 దాకా చోటు మిగులుతుందని తయారీదారులే చెబుతారు. ఫోటోలు, వీడియోలు ముందే నొక్కి చిన్నవి చేసినవి గనుక వాటిలో మిగిలేది స్వల్పం. బ్యాకప్ తీసే సాఫ్ట్‌వేరు తానే నొక్కి, తాళం వేసి పంపిస్తే ఇక్కడ ఆదా సున్నా. తాళం వేసిన రెండు పెట్టెలలో ఒకే చీర ఉన్నా పైనుంచి చూసేవానికి తెలియదుగదా. ఆ రెండూ సాఫ్ట్‌వేరులో మాన్పించి, నొక్కే పని డీడూప్లికేషన్‌కే వదలాలి. తాళం కావాలనుకుంటే డిస్కు మొత్తానికి వేయాలి.

డిస్కు మీద సదుపాయం తెరిచేటప్పుడు ఏ పనికి అని అడుగుతుంది. బ్యాకప్ సర్వరు అన్నదే ఎంచుకోవాలి. మామూలు ఫైలు సర్వరు అని వదిలేస్తే ఫైలు మూడు రోజులు పాతబడేదాకా ముట్టుకోదు. జ్ఞాపకశక్తి, అదే ర్యాము, ప్రతి టెరాబైటు సరుకుకూ 1 గిగాబైటు చొప్పున ఉండాలని లెక్క. ఎందుకంత అంటే, వేలిముద్రల జాబితా చేతికందేటట్టు ఉండాలి. ఒక టెరాబైటును 8 కిలోబైట్ల ముక్కలు చేస్తే పదమూడు కోట్లకు పైచిలుకు ముక్కలు. ముద్రకు 32 బైట్ల చొప్పున జాబితాకే 4 గిగాబైట్లు. విండోస్ 32 మొదలు 128 కిలోబైట్ల దాకా పెద్ద ముక్కలు కోస్తుంది గనుక అంత భారం పడదు.

ఇక్కడ చాలామంది పొరబడే సంగతి రెండున్నవి. విండోస్ ముందు నకలును పూర్తిగా దించుకొని, ఆ తరువాత తీరికగా ముక్కలు కోస్తుంది. కనుక ఒకటి రెండు పూర్తి నకళ్లకు సరిపడే ఖాళీ ఎప్పుడూ ఉండాలి. బ్యాకప్ వేళ, కోత వేళ ఒకదాని మీద ఒకటి పడకూడదు. రెండవది, పాత నకళ్లు చెరిపినా చోటు వెంటనే రాదు. చీటీ చించినంత మాత్రాన ముక్క పోదు. ఇంకెవరి చీటీలోనూ దాని పేరు లేదని తేలిన తరువాతనే తుడుస్తారు. ఆ ఊడ్పు వారానికొకసారి జరుగుతుంది. డిస్కు నిండి, గాభరాపడి, పదిహేను నకళ్లు చెరిపి, "అయినా చోటు రాలేదే!" అని మరి పదిహేను చెరిపినవారిని మేమెరుగుదుము. మరొక సంగతి, నడుస్తున్న లెక్కల డేటాబేసును ఈ డిస్కు మీద పెట్టి పని చేయించరాదు. ఇది కొట్టు, కౌంటరు కాదు.

ఇప్పుడు అసలు మాటకు వద్దాము. జకార్డు సాంచా మీద ఒక్క అట్ట చిరిగితే ఏమవుతుంది? ఒక్క తువ్వాలు చెడదు. ఆ తరువాత నేసిన ప్రతి తువ్వాలులోనూ ఆ పువ్వు అదే చోట వంకర పోతుంది. ఇరవయ్యారు రాత్రుల నకళ్లున్నవని మనం మురిసిపోతాము; నిజానికి వాటిలో మారని భాగానికి కొట్టులో ఉన్నది ఒకే ఒక్క ప్రతి. డిస్కులో ఆ చోట పురుగు తొలిస్తే ఇరవయ్యారూ ఒక్కసారే గాయపడతాయి. ఈ ప్రమాదం కట్టినవారికీ తెలుసు. నూటికి మించి చీటీలు చూపే ముక్కకు విండోస్ మరొక ప్రతి ఉంచుతుంది. వారానికొకసారి ముక్కలన్నీ సరిచూసే పని కూడా పెట్టారు. మంచిదే. కాని డిస్కే చచ్చిపోతే ఆ అదనపు ప్రతీ దానితోనే పోతుంది.

అందుచేత రెండవ ప్రతి ఇంకొక చోట ఉండి తీరాలి. అదీ విప్పిన ప్రతి కావాలి. డీడూప్లికేషన్ డిస్కులోనుంచి ఫైలును సర్వరు ద్వారా మామూలు డిస్కుకు ఎక్కిస్తే ముక్కలన్నీ కూడి పూర్తి ఫైలుగా దిగుతుంది. దానిని ఏ కంప్యూటరైనా చదువుతుంది. అన్ని రాత్రులవీ పట్టకపోవచ్చు. నెలాఖరువి, మొన్న రాత్రిది ఉంటే చాలు. ఎక్కించగానే డిస్కు ఊడదీసి ఉంచాలి. 2017 మే నెలలో వానాక్రై అనే చీడ లోకమంతా పాకినప్పుడు తెలిసివచ్చినదేమంటే, తంతి తగిలి ఉన్నదంతా ఒకే మాటుగా తాళంపడుతుంది. ఇప్పటి దొంగలు ముందుగా వెదికేది నకళ్లనే. నకళ్ల యంత్రానికి ఆఫీసు పాస్‌వర్డే పెట్టడమంటే, ఇనప్పెట్టె తాళంచెవి వీధి గుమ్మానికి వేలాడదీయడమే.

ప్రభుత్వం మాట కూడా ఉన్నది. జి.ఎస్.టి. లెక్కలు వార్షిక రిటర్ను గడువునుంచి 72 నెలలు, కంపెనీగా నమోదైనవారు తమ పుస్తకాలు ఎనిమిది ఆర్థిక సంవత్సరాలు భద్రపరచాలి. ఎలక్ట్రానిక్ పుస్తకాలుంచే కంపెనీలు వాటి నకలు ఈ దేశంలోని సర్వరులో ప్రతి రోజూ ఉంచాలని 2022లో నియమం మార్చారు. "పిడుగు పడింది" అన్న జవాబు ఎక్కడా వ్రాసి లేదు.

సోలాపూరు కథ మధ్యలో వదిలాము. పెద్దాయన మాట మీద డిస్కును ముట్టుకోకుండా ఉంచి, ఆ రోజల్లా ఫోనులు చేశారు. సాయంత్రానికి విషయం తెలిసిన వ్యక్తి ఒకరు దొరికి, చీటీలు చదవడం మామూలు విండోస్‌కు రాదని, సర్వరుకే వస్తుందని చెప్పారు. ప్రక్క వీధి వర్తకుని ఆఫీసులో విండోస్ సర్వరు ఉన్నది, తమదానికంటె కొత్తది. 19వ తేదీ మధ్యాహ్నం ఆయన తన పని ఆపుకొని యంత్రమిచ్చాడు. డీడూప్లికేషన్ సదుపాయం చేర్చి, డిస్కు తగిలించారు. ఇరవయ్యారో ఫోల్డరు తెరిచి ఫైలు నొక్కితే తెరుచుకున్నది. అబ్బాయి ఏమీ అనలేదట, కుర్చీలో వెనక్కి వాలి కళ్లు మూసుకున్నాడట. రిటర్ను 20వ తేదీ రాత్రి ఎనిమిది గంటలకు పడింది.

ఇప్పుడు ఆ ఇంట నకళ్ల యంత్రం వేరే గదిలో, వేరే కరెంటు మీద నడుస్తున్నది. విప్పిన ప్రతి వారానికొకసారి ఊరి ఆ కొసన ఉన్న బావగారి బీరువాలోకి పోతుంది. నెలకొక ఆదివారం చాయ త్రాగి పెద్దాయన కొడుకు ప్రక్కన కూర్చుంటాడు. ఈ డిస్కులలో ముక్కలు చెదిరి ఉంటాయి గనుక తిరిగి తీయడం ఎక్కించినంత వేగంగా జరగదు. ఎంతసేపు పడుతుందో చూడాలని గోడ గడియారం వైపు ఒక కన్ను వేసి ఉంచుతాడు. మేము ఆ మధ్య వెళ్లినప్పుడూ అదే పనిలో ఉన్నారు.

"ఈసారి ఏది తియ్యమంటవు బాపూ?"

"మొన్నటిది ఎందుకు? ఎవరన్న తీస్తరు. 2019 దీపావళికి నాందేడుకు పంపిన మాలు బిల్లు తియ్యి."

పదకొండు నిమిషాలు పట్టింది. బిల్లు వచ్చింది. పెద్దాయన కళ్లద్దాలు పెట్టుకొని మొత్తం చూసి, "వీడు ఇంక మూడువేలు ఇయ్యాలె" అన్నాడు.